ఏడంటే ఎంత

రాయచూరు దగ్గర శక్తినగర్ కరెంటు కేంద్రం కాలనీలో బాస్కెట్‌బాల్ కోర్టు తాళంచెవికి ఉన్న మర్యాద చీఫ్ ఇంజనీరు గారి కారు తాళానికి కూడా లేదు. కారు తాళం ఎవరు బదిలీ మీద వస్తే వాళ్ల చేతికి పోతుంది. కోర్టు తాళం గెలిచినవాళ్లకే దక్కుతుంది. దానికి ఒక ఎర్ర రేకుబిళ్ళ వేలాడుతుండేది. కరెంటు కేంద్రంలో ఏ మోటారు దగ్గరైనా మనిషి పని చేస్తుంటే దాని స్విచ్చికి అలాంటి బిళ్ళే తగిలిస్తారు. తగిలించిన మనిషి తానే వచ్చి తీయాలి. అంతవరకు ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా ఆ స్విచ్చి ముట్టుకోకూడదు. కోర్టు తాళం సంగతీ అంతే. బిళ్ళ మీద ఎవరి పేరుంటే ఏడాది పాటు కోర్టు మీద వాళ్ల మాటే చెల్లుతుంది. ఎవరు ఏ వేళకు ఆడాలో వాళ్లే చెబుతారు.

1997 జనవరి దాకా ఆ బిళ్ళ మీద ఆడమనిషి పేరు పడలేదు. పడాలని ఎవరూ అనుకోలేదు కూడా, గంగాభవాని తప్ప.

గంగాభవాని రాయచూరు టౌను మనిషి. తాతల నాటి నుంచి అక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబం. తండ్రి ఆదెన్నకు కోట గోడ పక్కన కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, దుకాణంలో ఉర్దూ మాట్లాడుతూ పెరిగింది. ఏ భాషలో పోట్లాడితే పని అవుతుందో ఆ భాషలో పోట్లాడటం పదేళ్లకే వచ్చేసింది. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడేది. బనియను మీద ఏడో నంబరు. గుల్బర్గా దాకా వెళ్లి ఆడి, మోచేతులు గీరుకుపోయి, కప్పుతో తిరిగొచ్చింది. ఆ తర్వాత టర్బైన్ ఫిట్టరు వెంకటేశ్‌తో పెళ్లయింది. కరెంటు కేంద్రం నీళ్ల ల్యాబులో తనకూ ఉద్యోగం వచ్చింది. ఆటను ఎవరూ మాన్పించలేదు. ఆడటానికి తోడు లేక, కోర్టులో వేళ దొరక్క, దానంతట అదే ఆగిపోయింది. ఆమె కోపమంతా అందుకే. మాన్పించిన మనిషంటూ ఒకడుంటే వాడితో తేల్చుకునేది.

ల్యాబులో ఆమె పని బాయిలరుకు వెళ్లే నీళ్లను గంటగంటకూ పరీక్షించి, వచ్చిన అంకెను రిజిస్టరులో రాయడం. ఇష్టమైన అంకె రాయడానికి వీల్లేదు, వచ్చిన అంకే రాయాలి. ఎనిమిదేళ్లు ఆ పని చేశాక ఆమె మాట కూడా అలాగే తయారైంది. ఉన్నది ఉన్నట్టు అనేసి, ఎదుటివాళ్ల మొహం ఎలా మారినా చూస్తూ నిలబడేది.

అంతకుముందు ఏడాది వేసవి మొదట్లో, కాలనీ ఆడపిల్లలు తొమ్మిదిమందిని పోగుచేసి ఆట నేర్పడం మొదలుపెట్టింది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా కోర్టు షిఫ్టు దిగిన మగవాళ్లది. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా షిఫ్టు లేని మగవాళ్లది. మిగిలింది మధ్యాహ్నం. రాయచూరు మధ్యాహ్నం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. సిమెంటు నేల మీద చెప్పుల అడుగులు మెత్తబడేవి. ఏప్రిల్లో ఒకరోజు స్ఫూర్తి అనే పన్నెండేళ్ల పిల్ల బంతి చేత పట్టుకునే కళ్లు తిరిగి పడిపోయింది. నీడకు మోసుకెళ్లి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగిస్తే గంటకు తేరుకుంది. మర్నాడు తొమ్మిదిమందిలో నలుగురే వచ్చారు.

"ఎండల బిడ్డల్ని చంపుకుంటమా అక్కా?" అంది స్ఫూర్తి తల్లి.

అప్పటికి మూడేళ్లుగా తాళం కేశవులు దగ్గరే ఉంది. కేశవులు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన బొగ్గు విభాగం ఫోర్‌మన్. మనిషి చెడ్డవాడు కాదు. పండక్కి పక్కింటికి అరిసెలు పంపుతాడు, ఎవరింట్లో ఫ్యాను ఆగినా నిచ్చెనేసుకుని వెళతాడు. కోర్టు దగ్గర మాత్రం మహారాజు. గంగాభవాని వెళ్లి సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఒక్క గంట పిల్లలకు ఇవ్వమని అడిగింది.

"చూద్దాంలే అమ్మా," అన్నాడు.

ఆ 'చూద్దాంలే' మే నెల దాటింది, వానలు దాటింది, దసరా దాటింది. ఇంక అడగడం దండగని గంగాభవానికి అర్థమైంది. తాళమే గెలుచుకోవాలనుకుంది.

ఆ తాళం గెలిచేది బంతితో కాదు, కాగితంతో. ఏటా జనవరిలో ఎనిమిది కరెంటు కేంద్రాల ఉద్యోగుల జట్లు వచ్చి ఈ కోర్టులో పోటీలు ఆడేవి. వాటిని చూసే పిచ్చి ఉన్న కాలనీ జనం ఎనిమిదిమంది, పోటీలకు ముందు ఆదివారం పొద్దున క్యాంటీన్లో కూర్చునేవారు. వరసగా ఒక్కొక్కరు ఒక్కో ఆటగాణ్ణి పిలుచుకుంటూ తలా ఐదుగురితో ఒక కాగితం టీం కట్టేవారు. ఏ జట్టు ఆటగాడైనా ఫర్వాలేదు. ఒకరు పిలిచినవాణ్ణి ఇంకొకరు పిలవకూడదు. పోటీల్లో ఆ ఐదుగురూ వేసిన పాయింట్లన్నీ కూడితే ఎవరి టీం పైన ఉంటుందో వాళ్లకు తాళం. ఆటగాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు కాబట్టి జట్టుకొక ముద్దుపేరు, మనిషికొక బనియను నంబరు. సముద్రం పక్క కేంద్రం నుంచి వచ్చేవాళ్లు సముద్రం టీం, కొండల్లోంచి వచ్చేవాళ్లు కొండ టీం.

ఇదంతా రాసే పుస్తకం మహదేవప్పది. ఆయన కంట్రోల్ రూములో షిఫ్టు ఇంచార్జి, రిటైర్మెంటుకు రెండేళ్లున్న కన్నడ పెద్దమనిషి. లాగ్‌బుక్కులో ఒకసారి రాసింది దిద్దకూడదన్నది కంట్రోల్ రూము కట్టుబాటు. ఆయన దాన్ని తన జీవితమంతటికీ వర్తింపజేసుకున్నాడు. పెళ్లి కార్డులో తన పేరు తప్పు పడితే కూడా దిద్దనివ్వలేదని కాలనీలో చెప్పుకునేవారు. కాగితం టీంల పుస్తకంలోనూ అదే కానూను: పుస్తకంలో పడితే పడ్డట్టే.

ఆ ఏడాది ఎనిమిదిమందిలో ఒకతను బదిలీ మీద వెళ్లిపోయాడు. ఖాళీ కుర్చీలో గంగాభవాని వచ్చి కూర్చుంది.

"మీకెందుకమ్మా ఈ గోల?" అన్నాడు కేశవులు.

"ఎనిమిదోవాళ్లు కావాలె గదా అన్నా. నేనున్న."

ఎవరూ కాదనలేకపోయారు, ఎనిమిదోవాళ్లు నిజంగానే కావాలి. పైగా ఆమె ఉత్త చేతులతో రాలేదు. జట్లు రెండు రోజుల ముందే దిగి సాధన చేస్తుంటే, ల్యాబు పాత రిజిస్టరు ఒకటి పట్టుకుని కోర్టు గట్టు మీద కూర్చుని ప్రతివాడి ఆటా రాసుకుంది. ఎవడు ఎక్కణ్ణుంచి ఎన్ని వేశాడు, ఎన్ని పోగొట్టాడు, అన్నీ అంకెలే. ఆ లెక్కలో అందరికంటే మీద తేలినవాడు సముద్రం టీం ఏడో నంబరు. తన నంబరే కావడం ఆమెకు ఇంకొంచెం ఉత్సాహమిచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చీటీలు తీస్తే మొదటి పిలుపు ఆమెకే వచ్చింది.

"సముద్రం టీం, ఏడు," అంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. రాయచూరు వైపు కన్నడంలో రెండును పుస్తకాల్లో ఉన్నట్టు 'ఎరడు' అని తీరిగ్గా ఎవరూ అనరు. తొందరలో అది 'యాడు' అయిపోతుంది. మన తెలుగు ఏడు కూడా రాయచూరు నోట్లో పడితే 'యేడు' అనే వినిపిస్తుంది. ఒకరి రెండుకూ ఇంకొకరి ఏడుకూ మధ్య ఉన్న తేడా పట్టుకోవాలంటే చెవి చాలా శుభ్రంగా ఉండాలి. అందుకే అక్కడి బజార్లో ఉల్లిగడ్డలు అడిగేవాళ్లు నోటితో పాటు వేళ్లు కూడా చూపిస్తారు. గంగాభవానికీ పుట్టినప్పటి నుంచి ఆ అలవాటుంది. కానీ ఆ పూట ఎడమ చేతిలో రిజిస్టరు, కుడి చేతిలో పొగలు కక్కే చాయ్ గ్లాసు ఉన్నాయి. చూపించడానికి వేలు ఖాళీ లేదు.

మహదేవప్ప పుస్తకంలో రాసి, "ఆయ్తు," అన్నాడు. అయిపోయిందని.

రెండో పిలుపు కేశవులుది. అతను మెడ సాచి పుస్తకంలోకి చూశాడు. మీసాల కింద చిన్న నవ్వు మెరిసింది. ఒక చేతి వేళ్లు ఐదూ, ఇంకో చేతివి రెండూ ఎత్తి చూపించాడు.

"సముద్రం, ఏడు. సెవెన్. నాకు."

"అది నేను పిలిచిన గదా అన్నా," అంది గంగాభవాని.

"మీరు పిలిచింది రెండు కదమ్మా. పుస్తకం చూడండి."

చూసింది. ఆమె పేరు కింద గుండ్రటి అక్షరాలతో 'సముద్రం' అని, దాని పక్కన రెండు అంకె ఉన్నాయి. సముద్రం టీం రెండో నంబరంటే బెంచీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చునే బక్కపలచటి మనిషి. రెండు రోజుల సాధనలో అతని నంబరు కింద ఆమె రిజిస్టరులో ఒక్క గీత కూడా లేదు.

"ఏంది సార్, గిట్ల రాసిండ్రు? నేను ఏడన్న. తెలుగు ఏడు. మీ కన్నడంల ఏళు."

"నాకు యాడు అని వినబడిందమ్మా." మహదేవప్ప మొహంలో కూడా ఇబ్బంది కనిపించింది. "నోడమ్మా, చూడు, నేను విన్నది రాసిన. పడింది పడింది. కొట్టేసేది నాతో కాదు."

గంగాభవాని మిగతావాళ్ల వంక చూసింది. నిజం ఏమిటో అందరికీ తెలుసు. కానీ ఏడో నంబరు ఆమె చేతికి పోవడం కంటే పుస్తకం మాట నిలవడమే అందరికీ బాగుంది. కేశవులు అయితే పెద్దమనిషి గొంతు పెట్టాడు.

"పుస్తకం పుస్తకమేనమ్మా. రేపు నాకు ఇలా జరిగినా అంతే. నేనైతే నోరెత్తను."

ఆ కోపంలో ఆమె లేచి వెళ్లిపోయి ఉంటే ఈ కథ అక్కడితో సరి. వెళ్లలేదు. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టింది, రిజిస్టరు ఒళ్లో పెట్టుకుంది, రెండు చేతులూ ఖాళీ చేసుకుని తన తర్వాతి పిలుపు కోసం కూర్చుంది. ఆ పూటంతా ప్రతి అంకెనూ వేళ్లతో చూపించి మరీ చెప్పింది.

"అంత అన్యాయం జేస్తే లేచి రాకపోయినవా?" అన్నాడు ఇంటికొచ్చాక వెంకటేశ్.

"లేస్తే కుర్చీ పోతది. కూసుంటే ఇంకా నాలుగు పిలుపులుండె."

ఆ నాలుగు పిలుపులకూ ఆమె ఎంచినవాళ్లను చూసి క్యాంటీన్లో అందరూ నవ్వారు. ఎగిరి దూకేవాళ్లనూ, దూరం నుంచి విసిరేవాళ్లనూ ఆమె వదిలేసింది. పెద్ద పేరు లేని, నిదానంగా ఆడే నలుగురిని పిలిచింది. నవ్వినవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. సాయంత్రం గాలి తిరిగాక చిమ్నీల వైపు నుంచి సన్నటి బూడిద వచ్చి కోర్టు మీద పడుతుంది. ఊడ్చినా ఇంకో అరగంటకు మళ్లీ పడుతుంది. ఆ పొర మీద బయటి ఊరివాళ్లు పరుగెత్తి ఆగబోతే కాలు జారుతుంది, జారితే బంతి గురి తప్పుతుంది. ఎదుటివాళ్లు ఫౌల్ చేస్తే ఇచ్చే ఫ్రీ త్రో వేసేవాడు ఒక్కడే కదలకుండా నిలబడి వేస్తాడు. గంగాభవాని ఎంచిన నలుగురూ నిలబడి వేస్తే తప్పనివాళ్లు. కొండ టీం పదకొండో నంబరు అయితే సాధనలో ముప్ఫైకి ఇరవై ఏడు వేశాడు. తొమ్మిది నెలలు పిల్లల కోసం ఆ నేలను చీపురుతో ఊడ్చిన మనిషికి కాక ఆ బూడిద గుట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

పోటీలు సోమవారం సాయంత్రం మొదలయ్యాయి. మొదటి రోజు ఆమె టీం అన్నిటికంటే కింద ఉంది. రెండో రోజు ఎగిరి దూకేవాళ్లు జారిపడటం మొదలైంది. మూడో రోజుకు నాలుగో స్థానం. నాలుగో రోజుకు ఆమె కంటే పైన కేశవులు ఒక్కడే మిగిలాడు. అతనికి నూట ఇరవై రెండు, ఆమెకు నూట పంతొమ్మిది. కాలనీలో కూరగాయల బండి దగ్గర కూడా ఆ రెండు అంకెలే. స్ఫూర్తి తల్లి గుమ్మంలో ఆపి, "గెలిస్తే సాయంత్రమే గదా అక్కా? అయితే నా బిడ్డను పంపుత," అంది. ఆ మాట విన్నాక గంగాభవాని ఇంకో లెక్క వేసుకుంది. తాను ఓడితే తనకు పోయేదేమీ లేదు, ఎనిమిదేళ్లుగా లేని ఆట ఇంకో ఎనిమిదేళ్లు ఉండదు. ఓడేది ఆ పిల్లలు. వచ్చే ఏప్రిల్‌కు ఆ నలుగురు కూడా రారు.

ఫైనలు సముద్రం టీంకూ కొండ టీంకూ. కేశవులుకు సముద్రం ఏడో నంబరు ఆడుతున్నాడు. గంగాభవానికి కొండ టీం పదకొండో నంబరు ఆడుతున్నాడు. ఇక సముద్రం రెండో నంబరు తువ్వాలు కప్పుకుని బెంచీ మీదే ఉన్నాడు.

మైకు దగ్గర క్యాంటీను యంకప్ప నిలబడ్డాడు. అతని గొంతుకు మైకు అక్కర్లేదు, అయినా ఇచ్చారు. ఏ భాష నోటికొస్తే ఆ భాషలో పాయింట్లు చెప్పేవాడు. ఒక అంకె కన్నడం, ఒక అంకె తెలుగు. పక్క బల్ల దగ్గర మహదేవప్ప పుస్తకం తెరిచి, కోర్టు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆట చూస్తే మనసు ఒక పక్కకు మొగ్గుతుందని ఆయన భయం. అందుకే కళ్లు పుస్తకం మీద, చెవి యంకప్ప మీద. గంగాభవాని గట్టు మీద తన రిజిస్టరు తెరిచింది.

మొదటి సగంలో ఏడో నంబరు ఏడో నంబరులాగే ఆడాడు. రెండో సగంలో సముద్రం టీంవాడొకడు కాలు జారి మడమ పట్టుకుని కూర్చోవడంతో, బెంచీ మీద రెండో నంబరు తువ్వాలు తీసి మడతపెట్టి లోపలికి వచ్చాడు. కోర్టును కాసేపు అరికాలితో తడిమి చూసుకున్నాడు. పరుగు తగ్గించి, చిన్న చిన్న అడుగులేస్తూ మూడు బాస్కెట్లు, అంటే ఆరు పాయింట్లు, వేశాడు. గంగాభవాని రిజిస్టరులో అతని నంబరు కింద మొదటిసారి గీతలు పడ్డాయి. అవతల పదకొండో నంబరు ఫౌల్ మీద ఫౌల్ రాబట్టుకుంటూ నిలబడి వేస్తూనే ఉన్నాడు.

ఇంక రెండు నిమిషాలుందనగా రెండో నంబరు బంతి గుంజుకుని ఉరికాడు. ఎదురుగా ఇద్దరు అడ్డం వచ్చేసరికి పక్కకు అందించాడు. ఏడో నంబరు అందుకుని వేశాడు. గట్టు మీద జనం గోలలో యంకప్ప గొంతు లేచింది. "సముద్రం, యేడు నంబర్!" గంగాభవాని ఏడో నంబరు కింద గీత గీసింది. తనది కాకపోయినా గీసింది, అది ఆమె అలవాటు. మహదేవప్ప తలెత్తకుండా రాసుకున్నాడు.

ఆట ముగిసింది, కప్పు ఎవరో పట్టుకుపోయారు. కాలనీ జనం మాత్రం మహదేవప్ప బల్ల చుట్టూ మూగారు. ఆయన మూడుసార్లు కూడి, కళ్లజోడు తీసి తుడుచుకుని చెప్పాడు. "గంగాభవాని, నూట నలభై మూడు. కేశవులు, నూట నలభై."

గంగాభవాని తన రిజిస్టరు చూసుకుంది. అందులో తనకు నూట నలభై ఒకటి ఉంది. కేశవులుకు నూట నలభై రెండు. ఆమె బల్ల మీదికి వంగి పుస్తకంలో చూసింది. సముద్రం రెండో నంబరు కింద మూడు బాస్కెట్లు ఉండాల్సిన చోట నాలుగున్నాయి. చివరి రెండు నిమిషాల్లో ఏడో నంబరు వేసింది మళ్లీ రెండు అయి కూర్చుంది.

ఒక్క క్షణం నోరు మూసుకుందామనిపించింది. అబద్ధమెందుకు, రెండు మూడు క్షణాలు అనిపించింది. ఇంకెవరూ గీతలు గీసుకోలేదు. కేశవులు పుస్తకాన్ని నమ్ముకుని లెక్కే పెట్టుకోలేదు. మహదేవప్ప అప్పటికే తాళంచెవి జేబులోంచి తీశాడు. గట్టు మీద స్ఫూర్తి తల్లి కూతురి భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"సార్, ఒక్క మాట," అంది గంగాభవాని. "ఆఖర్ల రెండో నంబరుకు రాసిన బాస్కెట్ రెండోది కాదు. ఏడో నంబరు వేసిండు. నేను కండ్లార చూసిన. అది తీసి అటు ఏస్తే నాకు నూట నలభై ఒకటి. కేశవులన్నకు నూట నలభై రెండు."

యంకప్ప మెల్లగా మైకు కట్టేశాడు. మహదేవప్ప పుస్తకం వంక, ఆమె వంక చూశాడు. కేశవులు మొహం ముందు వెలిగింది.

"అంటే గెలిచింది నేనేగా," అన్నాడు.

"బయట గెలిచింది నువ్వే అన్నా. పుస్తకంల గెలిచింది నేను." గంగాభవాని గొంతు పెంచలేదు. "పుస్తకం పుస్తకమే అన్నది నువ్వే గదా. రేపు నీకు జరిగినా నోరెత్తనన్నవు. ఆ రేపు ఇయ్యాల్నే వచ్చింది."

కేశవులు నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే కాసేపు ఉంచి, మూశాడు. ఆ ఆదివారం క్యాంటీన్లో నవ్విన ఆరుగురూ ఇప్పుడు తమ చెప్పుల వంక చూసుకుంటున్నారు.

మహదేవప్ప మాత్రం ఒక ప్రశ్న అడగకుండా ఉండలేకపోయాడు.

"మరి ఎందుకు చెప్పినవమ్మా? చెప్పకుంటే కూడా తాళం నీదే గదా."

"చెప్పకుండ తీసుకుంటే అది దొంగతనం సార్. చెప్పి తీసుకుంటే మీ కానూను."

ఆయన బిళ్ళ మీద కేశవులు పేరున్న కాగితం పీకి, తన చేత్తోనే కొత్త కాగితం మీద గంగాభవాని అని రాసి అంటించాడు. "రెండుసార్లూ తప్పు విన్నది నేనే," అన్నాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆ మాట ఆయన నోట ఎవరూ వినలేదు.

తాళం చేతికొచ్చాక గంగాభవాని చేసిన మొదటి పని కోర్టు పక్క సామాను గది తలుపు మీద సుద్దముక్కతో రాయడం: సాయంత్రం ఐదు నుంచి ఆరు, ఆడపిల్లలు. రెండో పని మహదేవప్ప పుస్తకం మొదటి పేజీలో ఒక కొత్త కట్టుబాటు రాయించడం. ఇక మీదట పిలుపులోనైనా, మైకులోనైనా నంబర్లు కన్నడంలో వద్దు, తెలుగులో వద్దు, ఉర్దూలో చెప్పాలి. దో అంటే దో, సాత్ అంటే సాత్. ఎంత గోలలోనైనా ఒకటి ఇంకోటిగా వినిపించదు. రాయచూర్లో పుట్టినవాళ్లకు ఆ మూడో భాష కూడా సొంతమే కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. కేశవులు ఒక్కడే వారం రోజులు భార్య దగ్గర ఏక్, దో, తీన్ వల్లె వేశాడు.

మర్నాడు ఐదింటికి అలవాటు కొద్దీ అతను బంతితో వచ్చాడు. తలుపు మీద రాత చదివాడు, ఎర్ర బిళ్ళ చూశాడు, గట్టెక్కి కూర్చున్నాడు. ఆరు దాకా మాట్లాడకుండా కూర్చుందామనే అనుకున్నాడు పాపం. పది నిమిషాలకే, "అలా కాదమ్మా, మోచెయ్యి లోపలికి పెట్టాలి," అని ఒక పిల్ల మీద అరిచాడు. ఏప్రిల్ వచ్చింది. ఈసారి ఎవరూ కళ్లు తిరిగి పడలేదు. తొమ్మిదిమంది తొమ్మిదిమందీ వచ్చారు.

తర్వాతి జనవరిలో గంగాభవాని ఓడిపోయింది. ఏ తప్పూ లేకుండా, ఇరవై పాయింట్ల తేడాతో, శుభ్రంగా ఓడిపోయింది. తాళం మళ్లీ కేశవులుకే వచ్చింది. ఆ రాత్రి కాలనీలో ఆడపిల్లలున్న ఇళ్లలో దిగులు. గంగాభవాని బిళ్ళ మీద తన పేరు తానే పీకి తాళం అతని చేతిలో పెట్టింది. ఒక్క గంట ఉంచమని అడగాలని నోటిదాకా వచ్చింది. ఒకసారి అడిగింది, ఎనిమిది నెలలు 'చూద్దాంలే' వింది. ఈసారి అడగలేదు.

మర్నాడు ల్యాబులో ఐదు కాకముందే రిజిస్టరు మూసేసి కోర్టుకు నడిచింది. ఏమవుతుందో ఎవరో వచ్చి చెబితే వినడం కంటే చూడటమే నయమనుకుంది. ఆమె వెళ్లేసరికి కోర్టు ఊడ్చి ఉంది. బూడిదంతా ఒక మూలకు కుప్ప పోసి ఉంది. గది తలుపు మీద సుద్ద రాత వానలకు చెరిగిపోయి ఉంటే, ఎవరో దాని మీదే తెల్ల పెయింటుతో మళ్లీ రాశారు. కోర్టు మధ్యలో చీపురు చంకన పెట్టుకుని కేశవులు నిలబడి, పిల్లలను రెండు జట్లుగా విడదీయడానికి లెక్కపెడుతున్నాడు. అతని ఉర్దూ ఇంకా కృష్ణా జిల్లా ఉర్దూయే.

"ఏక్. దో. తీన్. చార్. పాంచ్. ఛే." అక్కడ ఆగాడు. ఏడో నంబరు బనియను ఒకటి మడత విప్పకుండా అతని చేతిలోనే ఉంది. మిగతా ముగ్గురి వంటి మీదా ఎనిమిది, తొమ్మిది, పది ఉన్నాయి. ఆట ఆడాలంటే పదిమంది కావాలి, ఉన్నది తొమ్మిదిమందే. అతను గట్టు వైపు తిరిగాడు.

"సాత్ ఎవరమ్మా? సాత్ లేకపోతే ఆట లేదు."

గంగాభవాని అప్పటికే చెప్పులు విడిచి, చేతి సంచిలోంచి కాలేజీ నాటి కాన్వాస్ బూట్లు తీసింది. పదేళ్లుగా వేసుకోని బూట్లు. ఆ రోజు ఇంట్లోంచి డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఎందుకు సంచిలో పెట్టుకుందో ఆమెనడిగితే చెప్పలేదు. లేసులు గట్టిగా బిగించి లేచి నిలబడింది.

"నేనే అన్నా," అంది, రెండు చేతులూ ఎత్తి ఏడు వేళ్లు చూపిస్తూ.